రేగమ్మ పట్టని గుమ్మం

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక రాళ్ళగుట్ట, ఆ గుట్ట కింద ఒక బొరియ. అందులో తుమ్మన్న, రేగమ్మ అని ముళ్ళపంది మొగుడూపెళ్ళాలు ఉండేవాళ్ళు. వాళ్ళకో బుల్లి పిల్ల. దాని ముళ్ళు ఇంకా గడ్డిపరకల్లా మెత్తగానే ఉన్నాయి.

ముళ్ళపందుల సంగతి మీకు తెలుసుగా పిల్లలూ. మనసు బాగుంటే ముళ్ళు వీపుకి అంటుకుని పడుకుంటాయి. కోపమొచ్చినా, భయమేసినా నిక్కబొడుచుకుంటాయి. అప్పుడు మనిషి, అదే పంది, రెండింతలవుతుంది.

వాళ్ళ గుమ్మం పెద్దది, వంకరటింకరది. వానొస్తే జల్లు లోపలికి కొట్టేది. ఒకరోజు తుమ్మన్న కుందేలు చెవులయ్య ఇంటికి విందుకెళ్ళొచ్చి, ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, తిన్న దుంప అరగలేదా?" అంది రేగమ్మ.

"అరక్కేం. వాళ్ళ గుమ్మం చూడాలే రేగా. గుండ్రంగా, చిన్నగా, ముద్దుగా. మనది ఎలుగుబంటి ఆవలించినట్టుంది. వానలు పడేలోపు ఇల్లు మార్పించేద్దాం. చెవులయ్యగారే ప్లాను గీస్తానన్నారు."

"జల్లుకి పైన ఒక రాయి అడ్డం పెడితే పోయేదానికి ప్లానెందుకు?"

"నీకు తెలీదులే."

రేగమ్మ వీపు మీద ముళ్ళు టకటకమన్నాయి. ఆ మాట వింటే చాలు, వాటంతటవే లేస్తాయి.

మర్నాడు చెవులయ్య వచ్చాడు. ఇసక చదును చేసి, పంజాతో గీతలు గీశాడు. "ఇది పడక, ఇది సందు, ఇది గుమ్మం. గుమ్మం ఎంత సన్నగా ఉంటే ఇంటికి అంత పరువు" అన్నాడు.

కొలతకి తుమ్మన్న నేల మీద బోర్లా పడుకున్నాడు. ఊపిరి బిగబట్టి, ముళ్ళన్నీ ఒంటికి అతికించుకున్నాడు. చెవులయ్య పక్కన పుల్ల పెట్టి, "సరిగ్గా ఇంతే" అన్నాడు.

"అది ఈయన నిద్రపోతున్నప్పటి కొలత. ముళ్ళు లేచినప్పుడు కొలవండి" అంది రేగమ్మ.

"ఎందుకు లేస్తాయి చెల్లెమ్మా? కొత్తింట్లో కోపమెందుకొస్తుంది?"

"మా ఆవిడకి ఊరికే వస్తుందిలెండి" అన్నాడు తుమ్మన్న.

టకటకటక. ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి. "ఇదిగో, ఇప్పుడు కొలవండి" అంది రేగమ్మ. ఇద్దరూ అటు చూడనైనా చూడలేదు. ఇసకలో గీతలే చూసుకుంటున్నారు.

పుట్టమన్ను మెత్తి, నున్నగా రుద్ది, గుమ్మం కట్టేశారు. ఎండకి అది రాయిలా గట్టిపడింది. అడవంతా వచ్చి మెచ్చుకుంది.

మొదటిరోజే రేగమ్మ నోట దుంప కరుచుకుని ఇంటికొచ్చింది. లోపల తవ్విన మన్నంతా గుట్టగా అలాగే ఉంది. ఆ గుట్టకి చేరగిలబడి తుమ్మన్న తన గుమ్మాన్ని చూసుకుని మురిసిపోతున్నాడు. ఒక్కసారిగా ఆవిడ ముళ్ళు లేచాయి. గుమ్మంలో ఇరుక్కుంది.

"గోడ గీసుకుపోతుంది, జాగ్రత్త" అన్నాడు తుమ్మన్న.

రెండోసారి, చెవులయ్య చుట్టాల్ని తీసుకొచ్చాడు గుమ్మం చూపించడానికి. వాళ్ళు చూసి వెళ్ళేదాకా రేగమ్మ తనింటి ముందు తనే ఎండలో నిలబడాల్సొచ్చింది. తర్వాత లోపలికెళ్ళబోయి మళ్ళీ ఇరుక్కుంది.

"ప్రశాంతంగా ఏదైనా మంచి విషయం తలుచుకో చెల్లెమ్మా, ఇట్టే దూరిపోతావు" అన్నాడు చెవులయ్య.

"ఏం తలుచుకోను? మా పాత గుమ్మాన్నా?" అంది రేగమ్మ.

ఇక మూడోసారి. సాయంత్రం ముగ్గురూ మేతకెళ్ళి తిరిగొస్తున్నారు. గుట్ట మీద రాళ్ళు కదిలాయి. చిరుతపులి.

"లోపలికి పదండి" అంటూ తుమ్మన్న ముందు పరిగెత్తాడు. భయానికి ఆయన ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. తల లోపల, వెనక బయట. బిరడా కొట్టినట్టు గుమ్మంలో బిగుసుకుపోయాడు. అటు కదల్లేడు, ఇటు కదల్లేడు. రేగమ్మా, పిల్లా బయటే మిగిలిపోయారు.

చిరుత కిందికి దూకింది. దాని చూపు పిల్ల మీదే. మెత్తటి ముళ్ళని అది దూరం నుంచే పసిగట్టింది.

రేగమ్మ పిల్లని పొట్ట కిందికి తోసుకుంది. చిరుతకి వీపు తిప్పింది. ఇన్నాళ్ళ కోపం, ఇప్పటి భయం, అన్నీ కలిసి ముళ్ళలోకి వచ్చాయి. చిరుత పంజా విసిరింది. అంతే, అరిపాదంలో ముల్లు దిగి, మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ పొదల్లోకి పోయింది.

కాసేపటికి గుమ్మంలోంచి సన్నగా వినిపించింది. "వెళ్ళిందా?"

"వెళ్ళింది."

"ఇందులోంచి రాలేకపోతున్నానే."

"ప్రశాంతంగా ఏదైనా మంచి విషయం తలుచుకో" అంది రేగమ్మ.

అయినా ఆయన ముళ్ళు దిగలేదు. ఆవిడే పళ్ళతో గుమ్మం కొరికి, పెచ్చులు పెచ్చులుగా ఊడగొట్టింది. తుమ్మన్న బయటికొచ్చి చూశాడు. పిల్ల ఇంకా తల్లి పొట్ట కిందే వణుకుతోంది. దాని పక్కనే చిరుత గోటిగాడి, నేలలో లోతుగా దిగి ఉంది.

పొద్దున్నే చెవులయ్య వచ్చి, రెండు చెవులూ వేలాడేశాడు. "అయ్యో, ప్లానంతా చెడగొట్టుకున్నారు కదయ్యా."

"మీరలా కూర్చోండి చెవులయ్యగారూ" అని తుమ్మన్న పుల్ల తీసుకుని రేగమ్మ పక్కన నిలబడ్డాడు. "రేగా, కాస్త కోపం తెచ్చుకో. కొలత తీసుకోవాలి."

రేగమ్మకి నవ్వొచ్చింది. నవ్వితే కాస్తోకూస్తో లేచి ఉన్న ముళ్ళు కూడా పడుకున్నాయి. "ఇప్పుడు రమ్మంటే ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా?"

తుమ్మన్న కాస్త ఆలోచించి, మెల్లగా అన్నాడు. "నీకు తెలీదులే."

టకటకటక. ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి.

ఆయన గబగబా కొలిచి, ఎందుకైనా మంచిదని అటో జానెడు, ఇటో జానెడు కలిపాడు. తర్వాత జల్లు పడకుండా గుమ్మం పైన ఒక రాయి అడ్డం పెట్టాడు.

నీతి: ఇంటి కొలతలు అందులో ఉండేవాళ్ళని అడిగి తీసుకోవాలి, అవి మంచిరోజుకే కాదు, చెడ్డరోజుకి కూడా సరిపోవాలి.