వణుకు ఎవరిది

మీరా మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడెవరైనా ప్రశ్న అడిగితే, చెప్పగలిగినదైతే చేస్తున్న పని ఆపకుండానే చెప్పేవాడు. కానిదైతే స్పానర్ కింద పెట్టి, పాత గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకునేవాడు. ఇక ఆయన చెప్పబోయేది జవాబు కాదని అప్పుడు మాకు తెలిసిపోయేది.

చిలకలూరిపేట బైపాస్ పక్కన ఆయన లారీ షెడ్డు. దాన్ని ఆనుకుని నా స్పేర్ పార్ట్స్ కొట్టు. అందువల్ల ఆయన చెప్పినవి చాలానే విన్నాను. ఈ ఒక్కటి మాత్రం వినాలనిపించకపోయినా విన్నాను.

ప్రభుదాసు అప్పటికి ముప్పై ఏళ్ళవాడు. పట్నంలో పెద్ద వర్క్‌షాపులో పనిచేసి వచ్చి, పాత బండ్ల పని నేర్చుకోవాలని మేస్త్రి దగ్గర చేరాడు. స్కానర్ తగిలించి ఇంజన్ లోపలి సంగతులు తెర మీద చదవడంలో దిట్ట. ఒక మధ్యాహ్నం ఎవరో డ్రైవరుతో వాదన పెట్టుకుని, విసుగ్గా వచ్చి అడిగాడు.

"మేస్త్రిగారూ, స్కానర్ బండి బాగుందంటుంది. డ్రైవరు బాగాలేదంటాడు. ఎవర్ని నమ్మాలండీ?"

జవాబు తనకు ముందే తెలుసన్నట్టుగా ఉంది ఆ అడగడం. మేస్త్రి స్పానర్ కింద పెట్టి వేళ్ళు తుడుచుకున్నాడు. నాంచారయ్య సంగతి చెప్పాడు.

నాంచారయ్యది రేపల్లె దగ్గర పల్లెటూరు. ముప్పై ఏళ్ళకు పైగా స్టీరింగ్ పట్టినవాడు. గుర్నాధం గారి పాత పది టైర్ల లారీని చివరి పదకొండేళ్ళూ అతనే నడిపాడు. ఆ లారీ ఒకసారి దారిలో ఉన్నట్టుండి ఆగిపోయి, తాడు కట్టించుకుని షెడ్డుకొచ్చింది. ఇంజన్ ఎంత వేగంతో తిరుగుతోందో కనిపెట్టి చెప్పే సెన్సార్ ఒకటి చచ్చిపోయింది. మేస్త్రి దాన్ని మార్చాడు. కొత్త సెన్సార్ నా కొట్లోంచే వెళ్ళింది. బండి తాళం తిప్పగానే అందుకుంది. అందరూ సంతోషించారు.

పది రోజులకు నాంచారయ్య తిరిగొచ్చాడు.

"ఆగినప్పుడు ఊగుతోంది మేస్త్రీ. లోడు మీద వంద కిలోమీటర్లు పోయి టోల్ గేటు దగ్గర ఆపానంటే, గేర్ రాడ్డు గజగజలాడుతుంది. యాక్సిలరేటర్ మీద కాస్త కాలు నొక్కితే సర్దుకుంటుంది. మళ్ళీ ఆగితే మళ్ళీ అంతే."

మేస్త్రి బండి స్టార్ట్ చేసి అలాగే ఉంచాడు. ఇంజన్ నిలకడగా తిరిగింది. స్కానర్ పెట్టించాడు. తప్పేమీ చూపించలేదు. "కొత్త సెన్సార్ కదా, నాలుగు రోజులు పోతే కుదురుకుంటుందిలే" అని పంపేశాడు. రెండోసారి వచ్చినప్పుడు డీజిల్ ఫిల్టర్ మార్చి, పైపులన్నీ చూశాడు. అప్పుడూ షెడ్డులో ఏ ఊగులాటా లేదు. మూడోసారి గుర్నాధం గారు కూడా వెంట వచ్చారు. పనికిరాని రిపేర్లకు బండి ఊరికే ఆగిపోతోందని ఆయనకు చిరాకుగా ఉంది. నాంచారయ్య శ్రీకాకుళం నుంచి ఏకబిగిన నడుపుకుని వచ్చాడు. అయితే గుర్నాధం గారు వచ్చేదాకా బండి షెడ్డు ముందు రెండు గంటలు ఆగి, చల్లారిపోయింది. స్టార్ట్ చేస్తే గడియారంలా తిరిగింది.

"చెప్పవయ్యా, ఎక్కడ ఊగుతోంది?" అన్నారు గుర్నాధం గారు.

నాంచారయ్య గేర్ రాడ్డు మీద చెయ్యి వేశాడు. కదలడం లేదు. "వేడెక్కాక వస్తుందండీ. లోడు మీద ఒకసారి మేస్త్రి నాతో వస్తే..."

మేస్త్రి అడ్డుపడ్డాడు. "నాంచారయ్యా, కిందికి దిగి ఒకసారి చెయ్యి చాపు."

నాంచారయ్య దిగి చెయ్యి చాపాడు. వేళ్ళ చివర్లు సన్నగా అదురుతున్నాయి.

"బండి వణకడం లేదయ్యా. నీ చెయ్యి వణుకుతోంది."

షెడ్డులో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. అంత దూరం స్టీరింగ్ పట్టుకుని దిగిన ఏ మనిషి చెయ్యి అయినా ఆ మాత్రం అదురుతుంది. ఆ సంగతి మేస్త్రికి తెలియదా? తెలుసు. కాని మూడుసార్లు చూసినా తప్పు దొరకలేదన్న ఉక్రోషంలో, తెలిసిన సంగతిని పక్కకు తోసేశాడు.

గుర్నాధం గారు నవ్వలేదు. మర్నాడే లారీని వేరే డ్రైవరుకిచ్చారు. "వయసు మీద పడింది. రోడ్డు మీద నలుగురి ప్రాణాలు" అన్నారట. నాంచారయ్య తాళాలిచ్చేసి, సీటు వెనక ఉన్న తన దుప్పటి, చెంబు తీసుకుని వెళ్ళిపోయాడు.

కొత్త డ్రైవరు ఏ ఫిర్యాదూ తేలేదు. ఊగుతోందని చెప్పినవాడికి ఏమైందో అతను విన్నాడు.

ఎనిమిది నెలలకు ఆ లారీ క్లచ్ పనికి షెడ్డుకొచ్చింది. గేర్‌బాక్స్ దింపినప్పుడు, ఇంజన్ నుంచి బండి ఛాసీ చట్రానికి వెళ్ళే లావుపాటి ఎర్త్ వైరు మేస్త్రి కంటబడింది. బోల్టు చుట్టూ నల్లగా కమిలి ఉంది. విప్పి చూస్తే, కింద నీలం రంగు పెయింటు మాడి పొరలు లేచింది. సెన్సార్ పోవడానికి కొద్ది రోజుల ముందే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం బండికి పెయింటు వేయించారు. సెన్సార్ మార్చేటప్పుడు చెయ్యి పట్టడానికి అడ్డమని ఆ వైరును విప్పింది మేస్త్రే. తిరిగి బిగించేటప్పుడు పెయింటు గీకకుండా, దాని మీదే బిగించిందీ మేస్త్రే. చల్లగా ఉన్నప్పుడు కరెంటు ఎలాగో పారేది. బాగా వేడెక్కితే తెగీ తెగకుండా ఆడేది. సెన్సార్ మాట తడబడేది. ఇంజన్ ఊగేది.

అయినా ఆయన వెంటనే నమ్మలేదు. క్లచ్ పని ముగించి, ఆ వైరును ఉన్నదున్నట్టే బిగించి, లోడు మీద తనే టోల్ గేటు దాకా వెళ్ళి ఆపాడు. గేర్ రాడ్డు మీద చెయ్యి వేశాడు. గజగజలాడింది. నాంచారయ్య చెప్పింది చెప్పినట్టే ఉంది. బండిని పక్కకు తీసి, వైరు విప్పి పెయింటు గీకి, ఇనుము మెరిసేలా చేసి బిగించాడు. మళ్ళీ అంత దూరమూ వెళ్ళి ఆపాడు. ఇంజన్ నిలకడగా తిరిగింది.

గుర్నాధం గారికి చెబితే, "పోనీలే, ఇప్పుడు బాగుందిగా" అన్నారు.

మేస్త్రి లోడుతోనే అదే లారీ వేసుకుని రేపల్లె దారి పట్టాడు. నాంచారయ్య ఇంట్లోనే ఉన్నాడు. అతని భార్య బసవమ్మ ఇద్దరికీ టీ ఇచ్చింది. మేస్త్రికి గ్లాసు నిండా పోసింది, భర్తకు సగమే పోసింది. నాంచారయ్య ఆ సగం గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగాడు. పక్కన మంచం మీద మనవరాలు నిద్ర లేచి ఏడిస్తే, అతను లేవలేదు. లోపలున్న భార్యను పిలిచాడు.

"ఎత్తుకోడండీ. చేతులు బాలేవు, జారిపోతుందని భయం" అంది బసవమ్మ.

మేస్త్రి జరిగినదంతా చెప్పాడు. దాచలేదు. తప్పు తనదేనని గట్టిగా చెప్పాడు. నాంచారయ్య నిదానంగా విన్నాడు.

"నువ్వా మాట అన్న రోజు ఇంటికొచ్చి చెయ్యి చాపి చూసుకున్నాను మేస్త్రీ. వణికింది. అప్పట్నించీ రోజూ పొద్దున్నే చూసుకుంటున్నాను. వణకని రోజు లేదు."

"నేను తప్పు చెప్పానయ్యా. బండి తెచ్చాను. ఒకసారి ఎక్కి చూడు."

బసవమ్మ బిడ్డను చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఎక్కయ్యా" అంది. ఆమె గొంతులో ఆశ మేస్త్రికి వినబడింది.

నాంచారయ్య లారీ ఎక్కాడు. సీటు ముందుకు జరుపుకున్నాడు. తాళం తిప్పాడు. లోడు మీద అంత దూరం వచ్చిన వేడి ఇంజన్, నిలబడ్డచోట ఏ మాత్రం తొణక్కుండా తిరిగింది. గేర్ రాడ్డు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. మేస్త్రి కింద నిలబడి చూస్తున్నాడు.

"ఊగుతోంది మేస్త్రీ" అన్నాడు చివరికి.

బండి ఊగడం లేదు.

ఇంజన్ కట్టేసి, జాగ్రత్తగా ఒక్కో మెట్టూ పట్టుకుని దిగి, తాళం మేస్త్రి అరచేతిలో పెట్టాడు. "అంత దూరం ఎండలో వచ్చావు, భోజనం చేసి వెళ్ళు" అన్నాడు.

మేస్త్రి చెప్పడం ఆపాడు. ప్రభుదాసు చేతిలోని స్కానర్ వైరు చుట్టసాగాడు. నేనూ నా కొట్లో లేని పనేదో వెతుక్కున్నాను.

"అతను మిమ్మల్ని ఒక్క మాటైనా అనలేదా?" అని అడిగాడు ప్రభుదాసు.

"లేదు. నేను చెప్పింది రెండుసార్లూ శ్రద్ధగా విన్నాడు" అన్నాడు మేస్త్రి. "ఒక్కసారే నమ్మాడు."