వంజరం కడుపు

సముద్రం ఒడ్డున ఒక రాజ్యం. అక్కడి రేవు అధికారి రుద్రయ్య సన్నకన్ను వలలు వేయించి, కవళ్ల లాంటి చిన్న చేపలన్నీ ఊడ్చేసి, తన కొబ్బరితోటకి ఎరువుగా వేయించేవాడు. కొన్నాళ్లకి రాజుగారి కంచంలోకి వంజరం చేప రావడం మానేసింది.

"జాలర్లు పెద్ద చేపలు దాచుకుంటున్నారు ప్రభూ" అని రుద్రయ్య చెప్పి, వాళ్ల పడవలన్నీ కట్టేయించాడు.

విచారణకి రాజే రేవుకొచ్చాడు. రుద్రయ్య ఎలాగో పట్టించిన ఒక్క వంజరాన్ని ఎత్తి చూపించాడు. "సముద్రంలో ఇవి ఉన్నాయి కదా! మరి వీళ్ల బుట్టల్లో ఎందుకు లేవు?"

చేపలమ్మే నూకాలు కత్తిపీట ముందుకి లాక్కుంది. "సముద్రం ఎలా ఉందో మేం చేప కడుపు కోసే తెలుసుకుంటాం బాబూ" అంటూ దాన్ని కోసింది. కడుపులో ఏమీ లేదు.

"ఈమధ్య కోసినవన్నీ ఇంతే. పస్తులు."

"సముద్రంలో తిండికి కరువేమిటి?" అన్నాడు రాజు.

"కరువు కాదు బాబూ, చోటు మారింది. రండి."

ఆమె రాజుని రుద్రయ్య తోటకి తీసుకుపోయింది. చెట్టు చెట్టుకీ కవళ్లు గుట్టలుగా కుళ్లుతున్నాయి.

"వంజరం తినేది వీటినే. కూడు ఇక్కడుంటే అది అక్కడెలా బతుకుద్ది? దాచిందెవరో తమరే చెప్పండి."

రాజు రుద్రయ్యని కొలువులోంచి తీసేశాడు, పడవలు విడిపించాడు, నూకాలు తెలివిని మెచ్చుకున్నాడు. మెచ్చుకోడానికి ఖర్చేముంది!

"ఇప్పుడు సంతోషమేనా?" అనడిగాడు.

"పడవలైతే ఇచ్చారు బాబూ" అంది నూకాలు. "దేనికోసం వెళ్లమంటారు?"