చేతిపంపు దగ్గర లైటు

అప్పలసూరి మాస్టారు వైరింగు నేర్పేటప్పుడు ప్రశ్నకి నోటితో జవాబు చెప్పేవారు కాదు. పెన్సిలు చేతికిచ్చి "గియ్యి" అనేవారు. గీత బయల్దేరిన చోటికి తిరిగొచ్చేదాకా పెన్సిలు కాగితం మీంచి లేవకూడదు.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఈశ్వరికి ఇరవయ్యేళ్లు. ప్రతి తీగలోనూ ఎవరో నడిచి వెళుతున్నట్టు ఊహించుకునే పిల్ల. ఒకనాడు అడిగింది.

"కరెంటు బల్బు దాకా వచ్చింది, వెలిగించింది. దాని పనైపోయింది కదా మాస్టారూ. మళ్లీ వెనక్కెందుకు పోవాలి? అక్కడే ఉండిపోతే ఏం?"

మాస్టారు నవ్వలేదు. "సంచీ తియ్యి. పైడితల్లి ఇంట్లో లైటు మసకేసిందట, పక్కింటివాళ్లు చెప్పారు" అన్నారు.

వాళ్లు వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. భర్త పోయి ఏడాదైన పైడితల్లి ఇటుకబట్టీ నుంచి అప్పుడే వచ్చింది. పెరట్లో చేతిపంపు పక్కన ఒక కర్ర, దానికో బల్బు. దొడ్డి గుమ్మం దగ్గర స్విచ్చి వేస్తే, నిద్ర చాలని కన్నులా ఎర్రగా తెరుచుకుంది.

"ఈ లైటు ఆయన కట్టిందే బాబూ. దీన్ని ముట్టుకోకండి" అంది పైడితల్లి. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "లైటేసి పంపు పట్టుకుంతే ఆయన చెయ్యి తగుల్తాది. మొదట్లో వేలు మీటినట్టుండేది. ఈ ఎండల్లో మోచేతి దాకా పట్టుకుంతన్నారు."

"ఆయన ఎక్కడ పోయారమ్మా?" అడిగారు మాస్టారు.

"ఇక్కడే. కాళ్లు కడుక్కుంతా పడిపోయారు. గుండె అన్నారు."

ఈశ్వరి ఊహలో ఆయన కదిలారు. చావు అవతల్నుంచి భార్య చెయ్యి వెతుక్కుంటూ వచ్చే మనిషి. ఆ లైటుని అలాగే ఉంచేసి వెళ్లిపోదామనిపించింది.

"గియ్యి" అన్నారు మాస్టారు.

ఈశ్వరి సంచీలోంచి నోటు పుస్తకం తీసి, గుమ్మం దగ్గరే నిలబడి గీసింది. మీటరు. స్విచ్చి. బల్బు. బల్బు నుంచి రెండో తీగ కర్ర వెంట కిందికి దిగి, పంపు గొట్టానికి నాలుగు చుట్లు చుట్టుకుని ఉంది. అక్కడ పెన్సిలు ఆగిపోయింది.

"ఇక తీగ లేదు మాస్టారూ."

"లైటు వెలుగుతోందిగా."

గీతని గొట్టం వెంట నేలలోకి దించింది. నేల బీటలు తీసి ఉంది. వానాకాలంలో తాగినట్టు కరెంటుని తాగేలా లేదు. మరి ఇంకెటు పోతోంది? తలెత్తింది. పైడితల్లి కాళ్ల మీద నీళ్లు పోసుకుని, తడి చెయ్యి పంపు మీదికి చాపుతోంది. ఆ చెయ్యి, ఆ గుండె, ఆ తడికాళ్లు, వాటి కింద నేల. కాగితం మీద ఆగిపోయిన గీత మిగతా సగం ఈశ్వరికి మనిషి ఆకారంలో కనిపించింది. ఏడాది కిందట ఇక్కడే కాళ్లు కడుక్కున్న ఆయనా ఆ గీతలోనే నిలబడ్డారు.

ఈశ్వరి స్విచ్చి కట్టేసింది.

చీకటిపడుతున్న పెరట్లోంచి పైడితల్లి గొంతు వినిపించింది. "ఆపేశావేటమ్మా? ఆయన ఇంకా రానేదు."

మాస్టారు మెయిన్ దించి, గొట్టానికున్న చుట్లు విప్పేశారు. ఈశ్వరి కొత్త తీగని బల్బు నుంచి గోడ వెంట లాగి, మీటరు పక్కన, కరెంటు వెనక్కి పోయే న్యూట్రల్ తీగకి బిగించింది. మళ్లీ లైటు వేస్తే పెరడంతా తెల్లగా పరుచుకుంది.

మాస్టారు పంపుకి టెస్టరు ఆనించి చూశాక, పైడితల్లి పంపు పట్టుకుంది. చాలాసేపు అలాగే నిలబడింది.

"మరి రారా బాబూ?"

ఈశ్వరి నోరు తెరవబోయింది. మాస్టారు ఆమె చేతిలోని పుస్తకం మెల్లగా మూసేశారు.

"లైటు తీగని పంపుకి ఇంకెవర్నీ కట్టనివ్వకమ్మా" అని మాత్రం అన్నారు పైడితల్లితో.

ఇద్దరూ వీధి మలుపు దాకా వచ్చారు. అక్కడ మాస్టారు ఆగారు.

"వెనక్కి పోయే దారి మనం వెయ్యకపోతే, అదే వెతుక్కుంటుంది ఈశ్వరీ."