వెనక్కి తిరిగిన ఎర్రయ్య

శేషశాయి మాస్టారిని ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు తొడుక్కుంటారు. జవాబు ఎక్కడో బయట ఉంటుందనీ, అక్కడిదాకా నడవాలనీ ఆయన నమ్మకం. ముప్పై ఏళ్ళు ఎడిటింగ్ పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఉత్తరాంధ్రలో సముద్రం పక్కనున్న ఒక చిన్న ఊళ్ళో స్థిరపడ్డారు. ఆయన శిష్యులుగా మా చెప్పులు అరిగాయి గాని, ఆయన నోట సూటి జవాబు విన్న పాపాన పోలేదు.

మాలో మురహరికి పేరొచ్చింది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తీరమంతా తిరిగి పదమూడు భాగాల టీవీ డాక్యుమెంటరీ తీశాడు. చూసినవాళ్ళు నాలుగు వందల మంది అభిప్రాయాలు రాశారు. పుర్రెకో బుద్ధి అని ఊరికే అన్నారా! ఒకరికి సముద్రం నట్టింట్లోకి వచ్చినట్టుంది. ఇంకొకరికి 'ఇసుక, నీళ్ళు, మళ్ళీ ఇసుక.' వ్యాఖ్యానం వింటుంటే హాయిగా నిద్ర పడుతోందని ఒక పెద్దాయన మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పాడు. అసలు గొడవంతా ఏడో భాగం దగ్గర వచ్చింది. అందులో పాతమొగ అనే పల్లె నుంచి ఒక పడవ వేటకు బయల్దేరుతుంది. మాటా పాటా లేకుండా మూడున్నర నిమిషాలు ఒకటే షాటు. సగం మంది దానికి దండం పెట్టారు. మిగతా సగం, టీవీ ఆగిపోయిందనుకుని రిమోటును అరచేత్తో కొట్టామని రాశారు. ఒకాయన మరీ నిక్కచ్చి మనిషి: 'షాటు బాగుంది గాని, చివర్లో ఎవరో ఆడమనిషి అడ్డంగా పరుగెత్తుకొచ్చి పాడుచేసింది.'

మురహరికీ అలాగే అనిపించింది. రెండోసారి ప్రసారం చేసేటప్పుడు ఆ షాటును ఇరవై రెండు సెకన్లకు కుదించి, వెంటనే ఎర్ర పీతల్ని చూపించాడు. దాంతో దండం పెట్టినవాళ్ళు తిట్లకు దిగారు. వాడా అభిప్రాయాల కాగితాలన్నీ సంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"తలా ఒక మాట అంటున్నారు మాస్టారూ. నేనెవరి మాట వినాలి?"

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు.

"పది రోజులై మా ఇంటికి చేపలు రావడం లేదోయ్. తెచ్చే నూకాలుకి ఏమైందో కనుక్కుందాం, పదండి."

నూకాలుది పాతమొగే. గంట నడిచాం. దారి పొడుగునా మురహరి అభిప్రాయాలు చదువుతూనే ఉన్నాడు, మాస్టారు ఊ కొడుతూనే ఉన్నారు. వెళ్ళేసరికి నూకాలు గడపలో కూర్చుని ఉంది. పక్కన చేపల తట్ట బోర్లించి ఉంది.

"నూకాలూ, టీవీలో సముద్రం బొమ్మ తీసింది ఈ అబ్బాయే," అన్నారు మాస్టారు.

మురహరి కాస్త ఛాతీ విరిచిన మాట నిజం. మెచ్చుకోలు వస్తుందనుకున్నాడు కాబోలు. ఆవిడ వాడి ముఖంలోకి తేరిపార చూసింది.

"బాబూ, మొదటిపాలి ఏసినపుడు మా ఎర్రయ్య ఒడ్డుకేసి తిరిగి సూసినాడు. రెండోపాలి ఏసినపుడు సూడనేదు. ఆ తిరిగినోడు ఏటైపోనాడు బాబూ?"

వాడికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆవిడే చెప్పుకొచ్చింది.

ఎర్రయ్య ఆవిడ కొడుకు. షూటింగ్ జరిగిన రోజు ఆ పడవలో ఉన్న నలుగురిలో ఒకడు. పడవ కదిలాక ఒడ్డు నుంచి ఎవరూ పిలవకూడదనీ, వెళ్ళేవాడు వెనక్కి చూడకూడదనీ ఆ పల్లెలో నియమం. ఆ రోజు ఎర్రయ్య అన్నం డబ్బా మరిచిపోయాడు. నూకాలు అది పట్టుకుని ఒడ్డుకు పరుగెత్తింది. మధ్యాహ్నం గాలికి పడవ తిరగబడింది. ముగ్గురు ఈదుకొచ్చారు, ఎర్రయ్య రాలేదు. టీవీవాళ్ళు అప్పటికే బండెక్కి తరవాతి ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఎర్రయ్య వెనక్కి తిరిగాడని ఆ ముగ్గురూ చెప్పారు. అత్త పిలిచింది కాబట్టే తిరిగాడని కోడలు పైడమ్మ వేలెత్తి చూపింది. కూతుర్ని తీసుకుని, అదే వీధిలో నాలుగిళ్ళ అవతలున్న పుట్టింటికి వెళ్ళిపోయింది. రెండేళ్ళుగా మనవరాలు నానమ్మ గడప తొక్కలేదు.

"పిలిసినానో నేదో నాకే గేపకం నేదు బాబూ. నా కొడుకుని నానే సంపుకున్నానని అనుకున్నాను. మీ బొమ్మలో సూసినాను. ఆడు తిరిగినపుడు ఒడ్డు మీదికి నాను ఇంకా రానేదు. ఆడు తిరిగినాడు, సూసినాడు, సెయ్యెత్తినాడు, మళ్ళీ అటు తిరిగిపోనాడు. అప్పుడొచ్చినాను, డబ్బా అట్టుకుని."

మళ్ళీ వేస్తారని తెలిసి, మొదటిసారి చూడని కోడల్ని ఈసారైనా చూడమని ఆవిడ కాళ్ళావేళ్ళా పడింది. వీధి వీధంతా టీవీ ముందు చేరింది. పడవ కదిలింది. ఎర్రయ్య తిరగబోయే ముందే పీతలొచ్చాయి. జనం నవ్వారు. పైడమ్మ పిల్లను చంకనేసుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ మర్నాటి నుంచి నూకాలు తట్ట ఎత్తలేదు.

తను తీసిన పడవలో మనిషి పోయాడన్న సంగతి మురహరి వినడం అదే మొదలు. ఆ మనిషి ఆఖరి చూపును కోసి పారేసింది తనేనని కూడా ఆ నిమిషంలోనే తెలిసింది. జేబులోంచి ఫోన్ తీశాడు.

"అసలుది ఉందమ్మా," అన్నాడు. "నా ఫోన్లోనే ఉంది."

"నాకెందుకు బాబూ? నాను సూసినాను కదా," అని ఆవిడ నాలుగిళ్ళ అవతలి వాకిలి వైపు చూసింది.

మేం వెళ్ళేసరికి పైడమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. మురహరి ఆ షాటు పెట్టి ఫోన్ ఆమె చేతికిచ్చాడు. మూడున్నర నిమిషాలు. అభిప్రాయాలు రాసినవాళ్ళలో ఒక్కరికీ ఆ షాటు ఎంత పొడుగో తెలియదని నాకక్కడ నిలబడితే తెలిసింది. చేయెత్తిన మొగుణ్ణి చూసి ఆమె ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుంది. ఈసారి ఆడమనిషి పరుగెత్తుకొచ్చే చోట బొటనవేలితో ఆపింది.

"అత్తే," అంది, మాతో కాదు. "డబ్బా సేతిలోనే ఉంది."

ఫోన్ తిరిగిచ్చేసి లోపలికి వెళ్ళింది. తలుపు ఓరగా వేసింది. ఇంక మేమక్కడ నిలబడటం మర్యాద కాదు.

తిరుగుదారిలో మురహరి సంచిని అటు భుజం మీంచి ఇటు భుజానికి మార్చుకుంటూ నడిచాడు. ఇంటి దగ్గరకొచ్చాక ఉండబట్టలేక అన్నాడు: "మాస్టారూ, నాలుగు వందల మందిలో ఒక్కరైనా ఇది..." సంచి కింద దించాడు.

మాస్టారు గుమ్మంలో చెప్పులు విప్పారు.

"రేపు పొద్దున ఇక్కడికి చేపల తట్ట వస్తే, నీ సంచిలో ఇంకో అభిప్రాయం వేసుకో," అన్నారు. "రాకపోతే, అదీ వేసుకో."