కలిసొచ్చే పీట

విశాఖ చేపలరేవులో పోలరాజు అనే పడవ కళాసీ ఉండేవాడు. వల విసరడంలోనూ ఇంజను విప్పడంలోనూ అతన్ని మించినవాడు లేడు గానీ, చేతికి ఏదైనా అందిందంటే ఒక్క క్షణం ఆగలేడు.

అతని మరపడవకి సరంగు దానయ్య, అంటే పడవ నడిపే పెద్ద. పోలరాజుకి మేనమామ కూడా. ముప్ఫై ఏళ్ళు చుక్కాని పట్టాక ఆయనకి చూపు మందగించింది. వేసవిలో వేట నిషేధం మొదలైన రోజున పడవ మనుషులందరి ముందూ ఒక మాట చెప్పాడు. మళ్ళీ వేటకి వెళ్ళేలోగా పోలరాజు నిదానం నేర్చుకుంటే చుక్కాని అతనిది, లేకపోతే యర్రయ్యది. యర్రయ్య అతనికి వరసకి బావ. పన్నెండేళ్ళుగా ఆ చుక్కాని మీదే ఆశ పెట్టుకున్న పోలరాజుకి ఆ పూట అన్నం సయించలేదు.

పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. పొద్దున వలలు బాగుచేసి, మధ్యాహ్నం వలల పాకలో పడవ మనుషులు అయిదుగురు పోకర్ ఆడేవారు, దానయ్య పక్కన కూర్చుని చూసేవాడు. పేక అనగానే నన్నలా చూడకండమ్మా, పందెం చింతపిక్కలే. తలా రెండు ముక్కలు పంచుతారు. అవి చూసుకుని వరసగా ఒక్కొక్కరూ పిక్కలు వెయ్యాలి, లేదా ముక్కలు పారెయ్యాలి. మిగిలినవాళ్ళ కోసం మధ్యలో అయిదు ముక్కలు పరుస్తారు, అవి అందరివీ. చేతిలోవీ మధ్యలోవీ కలిపి ఎవరికి పెద్ద కూర్పు వస్తే పిక్కలన్నీ వాళ్ళవి. ఒకరి ముందు పెద్ద గవ్వ ఉంటుంది. గవ్వ ఉన్నవాడిది ఆఖరి మాట, అతని ఎడమపక్కవాడిది మొదటి మాట. ప్రతి పంపకానికీ గవ్వ ఒక మనిషి ఎడమకి జరుగుతుంది.

పోలరాజు గవ్వ వైపు చూసేవాడే కాదు. బొమ్మ ముక్క కనబడితే చాలు, పిడికెడు పిక్కలు పోసేవాడు. ఒకరోజు మొదటి మాట అతనిదే. చేతిలో రాజు, తొమ్మిది. ఉన్న పిక్కల్లో సగం తోసేశాడు. తర్వాత వంతున్న యర్రయ్య చేతిలో అంతకన్నా పెద్దవి, ఆసు, రాజు ఉన్నాయి. అతను పందెం పెంచితే పోలరాజు మిగతా సగం కూడా తోసేసి, అన్నీ పోగొట్టుకున్నాడు.

తప్పు కూర్చున్న చోటుదని తేల్చాడు పోలరాజు. మర్నాడు ఇంటినుంచి పీట తెచ్చుకుని, గంగమ్మ తల్లికి దండం పెట్టి, తూర్పు ముఖంగా వేసుకున్నాడు. అయినా ఓడిపోయాడు. రేపు పీటకి పసుపు కూడా రాసుకురమ్మన్నాడు యర్రయ్య. పోలరాజు పీట చంకనపెట్టుకుని, తల్లి తన మొర వినలేదని గొణుక్కుంటూ లేచాడు.

దానయ్య అతన్ని ఆపాడు.

“తల్లి పీటలో కూకోదురా. అలలేస్తన్నప్పుడు రేవు దాటాలంటే, ముందెల్లే పడవకి ఏటి గావాలి?”

“గట్టి ఇంజను, మావా.”

“ఆఖర్న ఎల్లేవోడికి?”

పోలరాజు రేవు ముఖం వైపు చూశాడు. “ముందెల్లిన పడవలు ఎలా ఊగాయో తెలుస్తాది. ఇంజను కొంచెం తగ్గినా దాటొచ్చు.”

“మరి నీ ఎనకాల నలుగురు నోరిప్పకముందే, ఆ తొమ్మిదిని నమ్ముకుని ఎందుకు దూకావు? ముక్కలు సూసేముందు గవ్వెక్కడుందో సూడు.”

నిషేధం ఆఖరి రోజు వచ్చింది. మొదటి మాట పోలరాజుది. ముక్కలు ఎత్తాడు. మళ్ళీ రాజు, తొమ్మిది. చెయ్యి పిక్కల మీదికి వెళ్ళింది. అప్పుడు గవ్వ ఎక్కడుందో చూశాడు. ముక్కలు రెండూ బొమ్మ పైకి కనబడేలా పారేశాడు. రాజుని పారేశాడంటే వీడికి జ్వరమేమో చూడమన్నాడు యర్రయ్య.

చిత్రం చూడండి, మధ్యలో రెండు తొమ్మిదులు పడ్డాయి. ఉండుంటే ఆట అతనిదే. పోలరాజు తన పిక్కలు సర్దుకుని, తర్వాతి ముక్కల కోసం చెయ్యి చాపాడు.

తర్వాతి పంపకానికి గవ్వ అతని ముందుకి వచ్చింది. చేతిలో పది, తొమ్మిది, బొమ్మే లేదు. ముగ్గురు పారేశారు. యర్రయ్య చెవి గోక్కుంటూ రెండంటే రెండు పిక్కలు వేశాడు. అది చూసి పోలరాజు ఇరవై వేశాడు. యర్రయ్య మళ్ళీ చెవి గోక్కుని, ముక్కలు పారేశాడు. పిక్కలన్నీ పోలరాజువే.

దానయ్య గవ్వ తీసి పోలరాజు చేతిలో పెట్టాడు.

“ఇప్పుడు గెలిసినందుక్కాదురా. ఇందాక తొమ్మిదులు పడినా నీ మొకం మారలేదు, అందుకు. సుక్కాని నీది.”

మర్నాడు తెల్లవారగానే గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి, రేవంతా ఒక్కసారిగా కదిలింది. పడవలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. రేవు ముఖం దగ్గర అలలు లేస్తున్నాయి. పోలరాజు పడవ ఆపాడు. నాలుగు పడవల్ని పోనిచ్చి, అవి ఎటు ఒరిగాయో చూసుకుని, అప్పుడు చుక్కాని తిప్పాడు. పక్కన నిలబడ్డ యర్రయ్య, “బావా, పీట తేలేదేటి?” అన్నాడు. ఇద్దరూ నవ్వుకుంటూనే రేవు దాటారు.

నీతి: చేతిలో ఏముందో చూసి మురిసే ముందు మన వంతు ఎక్కడుందో చూసుకోవాలి, ముందు నిలబడ్డవాడికి బలం కావాలి, ఆగి చూసినవాడికి కొద్దిపాటి బలమైనా చాలు.