మూడో పొద్దు చూడని జంట

ముందే ఒట్టేస్తున్నాను పిల్లలూ. ఈ కథలో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నోట్లో మిగిలిన రెండు పళ్ళూ ఊడి మీ ఒళ్ళో పడాలి. చూశారా, పడలేదు. ఇంకా మొదలే పెట్టలేదుగా అంటావా? మొదలుపెట్టాకా పడవు, చూస్తూ ఉండు.

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు తిండిపోతు, రెండోవాడు నిద్రపోతు, మూడోవాడు హేమకేతుడు ఒక్కడే కుదురైనవాడు. ఆ హేమకేతుడికి తరళ అనే రాజకుమారితో పెళ్ళి చేశారు. ఎంత పెళ్ళనుకున్నారు? పందిరి ఈ కొస నుంచి ఆ కొసకి గుర్రం మీద మూడు రోజుల ప్రయాణం. విస్తట్లో పప్పు వేసినవాడు వెళ్ళి నెయ్యి తెచ్చేసరికి తినేవాడికి గడ్డం పెరిగిపోయేది.

ఆ పెళ్ళికి ధూమ్రజటుడనే మాంత్రికుడొచ్చాడు. వచ్చినవాడు మొదటి బంతిలో కూర్చోవచ్చు కదా! "నాలాంటివాణ్ణి వాళ్ళే పిలిచి కూర్చోబెట్టాలి" అని బిగుసుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు. ఆ హడావిడిలో ఎవరూ చూడలేదు. చివరి బంతిలో కూర్చునేసరికి బొబ్బట్లు అయిపోయాయి. మిగిలిన పదకొండు వేలూ పెద్ద రాజకుమారుడే తినేశాడు మరి.

మాంత్రికుడు విస్తరి విసిరికొట్టి లేచాడు. "నన్ను నిలబెట్టారు కదూ! ఈ మొగుడూ పెళ్ళాలిద్దరూ ఎక్కడా నిలవకుండా తిరుగుతూనే ఉండాలి. ఒకే చోట వరసగా మూడు పొద్దుపొడుపులు చూశారో, మూడో పొద్దుకి ఈ పిల్ల రాయైపోతుంది!" అన్నాడు. రాజు కాళ్ళమీద పడ్డా వినలేదు. గద్దయి ఎగిరిపోయాడు.

హేమకేతుడు మూట కట్టుకున్నాడు. "తరళా, మాంత్రికుడి ప్రాణం మాంత్రికుడి దగ్గర ఉండదు. ఎక్కడో ఏ చిలకలోనో దాచి ఉంటాడు. ఆ చిలకను వెతుకుదాం."

"దొరికేదాకా?"

"రెండు పొద్దులు ఒకచోట, రెండు పొద్దులు ఇంకోచోట."

"అయితే నా ఆకుపచ్చ చీర కూడా పెట్టండి. తిరగడం ఎలాగూ తప్పదు, ఏడుస్తూ ఎందుకు తిరగాలి?" అంది తరళ.

అలా బయలుదేరారు. మొదటి సముద్రం దాటితే కొబ్బరి దీవి. అక్కడి కొబ్బరికాయలు ఎంతంటే, ఒక చిప్పలో మొగుడూ పెళ్ళాం కూర్చుంటే ఇంకా ఎద్దుల బండికి చోటుంటుంది. రెండో సముద్రం దాటితే పూలకొండ. ఆ ఘాటుకి తేనెటీగలు ముక్కుకి గుడ్డ కట్టుకుని తిరిగేవి. మూడో సముద్రం దాటితే జలపాతాల దీవి. నీళ్ళు పైనుంచి కిందికి పడటానికి ఆరు నెలలు పట్టేది. వేసవిలో మొదలైన నీళ్ళు కింద పడేసరికి చలికాలం.

ఎక్కడికెళ్ళినా అక్కడి వాళ్ళు కడుపు నిండా పెట్టేవారు. బయలుదేరేటప్పుడు, "ఇంకొక్క రోజు ఉండమ్మా" అనేవారు.

"ఉండాలనే ఉంది పిన్నీ. ఉంటే రాయినైపోతాను" అనేది తరళ.

"అయితే ముత్తైదువను వట్టి ఒడితో పంపుతామా?" అని బొట్టు పెట్టి, ఆ ఊళ్ళో పండే గింజలేవో దోసెడు ఒడిలో పోసేవారు. ఒక దీవిలో కొర్రలు, ఒక కొండ మీద అనుములు, ఇంకో చోట ఎర్ర వడ్లు. తరళ ఒక్కో ఊరి గింజలు ఒక్కో మూటగా కట్టేది. పడుకునే ముందు ఆ మూటలన్నీ తడిమి, పెట్టినవాళ్ళ పేర్లన్నీ వరసగా చెప్పుకునేది. మొదట్లో చిటికెలో అయ్యేది. పన్నెండేళ్ళు తిరిగాక ఆ పేర్లు చెప్పడానికే సగం రాత్రి పట్టేది. హేమకేతుడు మధ్యలో గురక పెడితే, గిల్లి లేపి మళ్ళీ మొదటినుంచి చెప్పేది.

ఆరో సముద్రంలో ఒక చిట్టి దీవి. అక్కడ తుఫాను పట్టుకుంది. రెండు పొద్దులు అయిపోయాయి, పడవ కదలదు. తూర్పు తెల్లబడుతోంది. తరళ కాలి చిటికెన వేలు అప్పుడే రాయైపోయింది. హేమకేతుడు గొంతు చించుకుని అరిచాడు. ఆ అరుపుకి సముద్రంలోంచి ఒక తాబేలు లేచింది. దాని వీపు మీద రెండెకరాల జొన్నచేను వేసుకోవచ్చు.

"ఎక్కండి, ఎక్కండి!" అంది. ఎక్కారు. రేవు దాటడం, పొద్దు పొడవడం ఒక్కసారే అయ్యాయి. వేలు మాత్రం రాయిగానే ఉండిపోయింది.

అవతలి ఒడ్డున దిగాక తరళ వెనక్కి తిరిగింది. "తాబేలు మామా, ఇద్దర్నీ మోసి అలసిపోయావు. కాసేపు మెడ పట్టనా?" అంది.

తాబేలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వెయ్యేళ్ళుగా మోస్తున్నాను తల్లీ. దిగినవాళ్ళు ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. నువ్వు చూశావు కాబట్టి చెబుతున్నాను. ఏడో సముద్రం అవతల మంచుకొండ. దాని కొసన గుహ. గుహలో బంగారు పంజరం. ధూమ్రజటుడి ప్రాణం ఆ పంజరంలో చిలకే."

మంచుకొండ ఎక్కారు. ఎంత ఎత్తంటే, చంద్రుడు దారికి అడ్డమొస్తే హేమకేతుడు పక్కకి జరిపి ఎక్కాడు. గుహ చేరేసరికి పొద్దు పొడిచింది. అది మొదటి పొద్దు. పంజరంలో చిలక ఎముకల గూడులా ఉంది. ముందు గిన్నె నిండా ముత్యాలు.

హేమకేతుడు పంజరంలో చెయ్యి పెట్టి చిలక మెడ పట్టుకున్నాడు.

"ఆగండి!" అంది తరళ. "బొబ్బట్టు కోసం అలిగింది ఇదా? దీన్నెందుకు చంపడం?" అని, "ఏమ్మా, ఇలా చిక్కిపోయావేం?" అని అడిగింది.

"తన ప్రాణానికి గింజలు పెట్టడం ఆ మాంత్రికుడికి నామోషీట. మూడు వందల ఏళ్ళుగా ముత్యాలే నములుతున్నాను" అంది చిలక.

తరళ ఒక మూట విప్పి కొర్రలు పెట్టింది. చిలక ఒక గింజ కొరికి కళ్ళు మూసుకుంది. "ఇది ఏ ఊరిది?" అంది. తరళ కొబ్బరి దీవి గురించి చెప్పింది. ఇంకో గింజ, ఇంకో ఊరు. అలా చెబుతూ ఉండగానే రెండో పొద్దు పొడిచింది. "ఇక వెళ్దాం పద" అని హేమకేతుడు లేచేసరికి, ధడేల్! ధూమ్రజటుడొచ్చి గుహకి బండ అడ్డం పెట్టేశాడు. బండ సందులోంచి ఆకాశం మాత్రం కనబడుతోంది.

"రేపటి పొద్దు ఇక్కడే చూడండి" అని నవ్వాడు.

చిలక గింజలు పక్కకి నెట్టింది. "ఈమె రాయైతే నాకు కథ చెప్పేదెవరు? ఈమెను వదిలేదాకా నేను మెతుకు ముట్టను."

"ముత్యాలు తినవే, బంగారు తల్లీ!"

"నువ్వే తిను."

పొద్దున తినలేదు. మాంత్రికుడి పొట్ట వెన్నుకి అంటుకుంది. మధ్యాహ్నం తినలేదు. మోకాళ్ళు వణికాయి. రాత్రీ తినలేదు. తూర్పు ఎర్రబడేసరికి వాడు నేలమీద పాకుతూ, "తీశాను! శాపం తీశాను! తినవే!" అని ఏడ్చాడు.

వాడి మాట నమ్మేదెలా? హేమకేతుడు తరళ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. సందులోంచి ఎండ ఒక గీతగా వచ్చి ఆమె పాదం మీద పడింది, మోకాలి మీద పడింది, ముఖం మీద పడింది. తరళ కళ్ళు చికిలించింది.

"ఏమైంది? ఏమైంది?"

"ఏమీ కాలేదండీ. చిటికెన వేలు దురద పెడుతోంది!"

ఇద్దరూ నవ్వుతూనే ఏడ్చారు, ఏడుస్తూనే నవ్వారు. పన్నెండేళ్ళలో ఒకేచోట చూసిన మొదటి మూడో పొద్దు మరి!

చిలక గింజ కొరికింది, మాంత్రికుడు ఓపిక తెచ్చుకుని బండ పక్కకి దొర్లించాడు. తరళ బయటికొచ్చి వాడికి దణ్ణం పెట్టింది. "బాబయ్యగారూ, మీరు శపించకపోతే నేను కోట గోడలు తప్ప ఏం చూసేదాన్ని? ఇన్ని దీవులు, ఇన్ని కొండలు, ఇంతమంది పిన్నులు. అంతా మీ చలవే." వాడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చిలకేమో ఊళ్ళు చూస్తానని తరళ భుజం దిగనంది. ప్రాణం వెళ్తుంటే మనిషి ఆగుతాడా? మాంత్రికుడు మూటలు మోస్తూ వెనకే నడిచాడు.

పన్నెండేళ్ళ కిందట ఆగిపోయిన పదహారు రోజుల పండగ రాజు అప్పుడు చేశాడు. దీవుల వాళ్ళంతా వచ్చారు, తాబేలుతో సహా. హేమకేతుడూ తరళా మూడు వందల పదమూడేళ్ళు రాజ్యమేలారు. ఏటా కోతలయ్యాక మాత్రం ఆ ఊళ్ళకి వెళ్ళొచ్చేవారు. వెళ్ళిన చోట మూడేసి పొద్దులు, ఒక్కోసారి నాలుగు కూడా, ఉండి వచ్చేవారు.

పళ్ళు ఊడాయా? ఊడలేదు కదా! ఇక లే. నిన్న సూరమ్మత్త పులుసు పంపిన గిన్నె కడిగి ఉంచాను. ఖాళీగా ఇస్తే బాగుండదని ఆరు అరిసెలు వేశాను. ఇచ్చి, "పులుసు అమృతంలా ఉందత్తా" అని చెప్పి రా. ఆరూ చేరాలి సుమా, నేను దారి పొడుగునా చూస్తూనే ఉంటాను.