సగటు నలుసు

దేవుడు తెలివి పంచినప్పుడు వరసలో ముందు నిలబడింది మేమేనని చెప్పుకునే అన్నదమ్ములిద్దరు మా సామర్లకోటలో ఉండేవారు, వరహాలూ సత్తిబాబూ. వాళ్ళింట్లో నలుసుల్ని కొలిచే మెషినుంది. సిరాలోకి ఎర్రలైటు కొడుతుంది. నలుసు ఎంత చిన్నదైతే అంత గెంతుతుంది, ఆ గెంతుడు చూసి సైజు చెబుతుంది. తెలివంతా మెషినుదే, ఆ సంగతి అన్నదమ్ములకి తెలీదు.

నూకరత్నమ్మ సిరా నూరి అమ్ముకునే మనిషి. కాకినాడ బడివాళ్ళు నలభై సీసాలడిగారు, నలుసు సైజు రాసిన కాగితం కూడా కావాలన్నారు. నాలుగింటి బస్సుకి సరుకు ఎక్కకపోతే రెండు నెలల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. పాపం, పొద్దున్నే సీసాలన్నీ తెచ్చి వీళ్ళ చేతిలో పెట్టింది.

మెషిను అమ్మినాయన మూడు ముక్కలు చెప్పి వెళ్ళాడు. పదిసార్లు కొలిచి సగటు తియ్యండి. దుమ్ము పడిన కొలత పారెయ్యండి. కొలతలన్నీ కాగితం మీద చుక్కలుగా పెట్టి సగటు దగ్గర గీత గీస్తే, ఆ గీత చుక్కలకి ఆనుకుని పోవాలి.

ఇంకేముంది, కొలిచారు. తొమ్మిదిసార్లూ నలుసు వంద నానోమీటర్లే వచ్చింది. పదోసారి సత్తిబాబు సీసా మూత దులిపాడు, దుమ్ము పడింది, ఐదువేల వంద వచ్చింది. ఆ అంకె రాసిన కాగితం కిటికీలోంచి పారేశాడు. తీరా చూస్తే తొమ్మిదే ఉన్నాయి. వరహాలు వీధిలోకి పరిగెత్తి దాన్ని ఏరుకొచ్చాడు. పారెయ్యమన్నారు, పారేశారు. పది ఉండాలన్నారు, తెచ్చుకున్నారు. ఎంత మాట మీద నిలబడే మనుషులో చూడండి!

సగటు ఆరొందలొచ్చింది. అక్కడ గీత గీశారు. తొమ్మిది చుక్కలు కింద, ఒకటి ఎక్కడో మిద్దె మీద, గీత దగ్గర ఒక్కటీ లేదు. సత్తిబాబు టార్చి వేసి సీసాలో ఆరొందల నలుసు కోసం వెతికాడు. లేదు. లెక్క తమది కాబట్టి తప్పయ్యే ప్రశ్నే లేదు, తప్పంతా సిరాదే అని తేల్చుకున్నారు. అంతే, నలుసు ఆరొందలకి పెరగాలని బొగ్గు దంచి, జల్లించి, సీసాకి చెంచాడు చొప్పున నలభైట్లోనూ కలిపేశారు. మళ్ళీ కొలిచి చూడొచ్చుగా అంటారేమో. పదిసార్లే కొలవమన్నారండీ.

మూడున్నరకి నూకరత్నమ్మ వచ్చింది. ఆవిడ సిరాతోనే కాగితం రాస్తే మర్యాదగా ఉంటుందని వరహాలు పెన్నులో పోశాడు. కదల్లేదు. విదిల్చాడు. కదల్లేదు. ఇంకో సీసా, ఇంకో పెన్ను. మూడు పెన్నులు మొరాయించాక పెన్సిలు తీసి రాశాడు: ఈ సిరాలో నలుసు ఆరొందలు, పెన్ను ఎక్కడా ఆగదు.

ఆవిడ కాగితం చూసింది, సీసా అడుగున బొగ్గు చూసింది. అవతల బస్సు హారను కొడుతోంది. ఏడుపు తన్నుకొచ్చింది.

"నా సిరా ఒక్కక్షరం రాయలేదు కదయ్యా వరహాలూ."

"బెంగపడకండి రత్నమ్మగారూ. పెన్ను అసలు రాయలేదు, పెన్సిలు మొత్తం రాసింది. సగటు తీస్తే మీ సిరా సగం రాసినట్టే."

ఆ మాట వినగానే సత్తిబాబు లేచి కత్తెర తెచ్చాడు. కాగితాన్ని సరిగ్గా సగానికి కోసి, ఆవిడ సగం ఆవిడ చేతిలో పెట్టాడు.